పద్దెనిమిదో లైను

ఐదేళ్ల కిందటి నవంబరు మొదటి వారంలో, దోహాలో నేను పనిచేస్తున్న సముద్ర సర్వే కంపెనీ నన్ను ఒక చిన్న పనికి వేసింది. తీరానికి కొంత దూరంలో ఉన్న ఒక దీవికి సముద్రం అడుగున కరెంటు కేబుల్ వెయ్యాలి. కేబుల్‌కి ముందు కందకం తవ్వాలి. తవ్వే బార్జి, అంటే చదునైన పెద్ద పని పడవ, రాకముందే ఆ దారిలో పేలే వస్తువులేవీ లేవని ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం నాది. హోదా సీనియర్ సోనార్ ఆపరేటర్. నా పైన పార్టీ చీఫ్, అంటే పడవ మీద సర్వే బృందానికి పెద్ద, ఖాజా. కరీంనగర్ మనిషి, వయసులో నాకంటే పదేళ్లు చిన్న.

అంతకు ముందు పదిహేనేళ్లు నేను నౌకాదళంలో ఉన్నాను. అందులో పన్నెండేళ్లు మైన్ స్వీపర్ల మీదే, అంటే సముద్రంలో వేసిన మందుపాతరల్ని వెతికే ఓడల మీదే, గడిచాయి. యుద్ధం లేని కాలంలో మైన్ స్వీపర్ ఏం చేస్తుందని చాలామంది అడుగుతుంటారు. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తుంది. రేవుకు వచ్చే ఓడల దారిని పదేపదే వెతికి, అడుగున ఉన్న ప్రతి బండనీ, విరిగిన ప్రతి లంగరునీ పటంలో గుర్తు పెట్టుకుంటుంది. రేపు ఎవరైనా అక్కడ మైన్ వేస్తే, నిన్నటి పటంలో లేనిదేదో తెలియాలి కదా. మా ఓడ ఒళ్లంతా చెక్కే. ఇనుప ఓడ పైనుంచి వెళ్తే ఆ అయస్కాంత ప్రభావానికే పేలే మైన్లుంటాయి. అందుకని మా ఓడ మీదికి ఇనుప సామాను ఏది ఎక్కినా లెక్క రాయాల్సిందే. ఆ పన్నెండేళ్లలో నేను అసలైన మైన్‌ని ఒక్కదాన్ని కూడా చూడలేదు. చూసినవన్నీ నారింజ రంగు పూసిన ఉత్తుత్తివి. మేమే ముంచి, మేమే వెతుక్కునేవాళ్లం.

గల్ఫ్ సంగతి వేరు. పాత యుద్ధాల్లో ఉత్తరాన వేసిన మైన్లు కొన్ని తాళ్లు తెగి కొట్టుకొచ్చాయి. కొన్ని దొరికాయి. కొన్ని తుప్పుపట్టి, నీళ్లు నిండి ఎక్కడో మునిగాయి. ఎక్కడన్నది వాటిని వేసినవాళ్లకి కూడా తెలియదు. అందుకే అక్కడ సముద్రం అడుగున ఏ పని మొదలుపెట్టినా ముందు మాలాంటివాళ్లని పిలుస్తారు.

పని పద్ధతి ఇదీ. పొలం దున్నినట్టు పడవ సమాన దూరంలో గీతలు గీసుకుంటూ వెళ్తుంది. ఒక్కో గీతని లైను అంటాం. పడవ వెనక రెండు పరికరాలు నీళ్లలో లాగుతాం. ఒకటి సోనార్. శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో అడుగు బొమ్మ గీస్తుంది. అడుగు మీద పడి ఉన్న వస్తువు వెలుగులా, దాని వెనక భాగం నీడలా కనిపిస్తాయి. రెండోది మాగ్నెటోమీటర్. మేం మాగ్ అనేవాళ్లం. ఇది బొమ్మ చూపించదు, దగ్గర్లో ఇనుముంటే చెప్తుంది. సోనార్‌కి ఇసుక కింద ఏముందో కనబడదు. మాగ్‌కి ఇసుక అడ్డం కాదు, కానీ కొద్ది మీటర్ల దూరం వరకే తెలుస్తుంది. అందుకని రెండూ ఉండాలి, ప్రతి లైనులోనూ ఉండాలి.

ఆ తీరంలో మమ్మల్ని విసిగించేది గర్గూర్. చేపలు పట్టడానికి అడుగున వేసే తీగల బోను. బోర్లించిన గంపలా గుండ్రంగా ఉంటుంది. తాడు తెగి వదిలేసినవి అడుగంతా ఉంటాయి. సోనార్‌లో చూస్తే మైన్‌కీ దీనికీ పోలిక ఉంటుంది. తేడా నీడలో. తీగల బోను నీడ పలచగా పడుతుంది, గట్టి ఇనుప గుండు నీడ నల్లగా పడుతుంది. అయితే నత్తగుల్లలు పట్టిన పాత గర్గూర్ నీడ కూడా నల్లగానే పడుతుంది. రోజుకి ఇరవై ముప్ఫై చూసేసరికి కంటికి అలవాటైపోతుంది. గుండ్రంగా కనబడితే చాలు, చెయ్యి దానంతటదే గర్గూర్ అని రాసేస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం, పదిహేడో లైను మొదట్లో, ఒక గర్గూర్ తాడు మాగ్ కేబుల్‌కి చుట్టుకుని పైతొడుగుని కోసేసింది. కేబుల్‌లోకి నీళ్లు వెళ్లాయి. డెక్ మీద గంగారాం, అతనితో ఉన్న నేపాలీ మనిషీ కలిసి దాన్ని పైకి లాగారు. గంగారాంది జగిత్యాల దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా గల్ఫ్‌లో రిగ్గర్. బరువులు ఎత్తడం, దించడం, తాళ్లు కట్టడం అతని పని. మారు కేబుల్ దోహా స్టోరులో ఉంది. శమాల్ గాలి వస్తోందని కబురు. అది ఉత్తరం నుంచి వీచే గాలి, మొదలైతే రోజుల తరబడి సముద్రం మీద పని సాగనివ్వదు. కనీసం సోనార్ పనైనా ముగిద్దామని పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది లైన్లు మాగ్ లేకుండానే నడిపాం. మాగ్‌తో మళ్లీ నడపాలని లాగ్ పుస్తకంలో నా చేత్తోనే రాశాను. మర్నాడు తెల్లవారేసరికి కొత్త కేబుల్ వచ్చింది. గాలికి ముందు మిగిలిన లైన్లు పూర్తిచేశాం, ఆ మూడింటికి టైము చాల్లేదు. తర్వాత నాలుగు రోజులు శమాల్. గాలి తగ్గాక పడవని వేరే పనికి పంపారు.

దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆఫీసులో కూర్చుని రిపోర్టు తయారుచేశాను. మాగ్ కొలతల్ని కంప్యూటర్ రంగుల పటంగా మారుస్తుంది. కొలత లేని చోట, అటూ ఇటూ ఉన్న కొలతల్ని బట్టి ఊహించి రంగు నింపేస్తుంది. ఆ మూడు లైన్ల చోటు కూడా ప్రశాంతమైన నీలి రంగుతో నిండింది. పటం నిండుగా ఉంది. సంతకం పెట్టాను, పక్కన ఖాజా పెట్టాడు. ఆ క్షణంలో లాగ్ పుస్తకంలో రాసినది నాకు గుర్తుందా లేదా అని తర్వాత చాలామంది అడిగారు. గుర్తుందని చెప్పలేను. గుర్తులేదనీ చెప్పలేను. క్లయింటు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, పటం నీలంగా ఉంది. అంతవరకే చెప్పగలను.

బార్జి వచ్చింది. మనుషులు తక్కువయ్యారని గంగారాంని దాని మీద లంగర్ల పనిలో వేశారు. బార్జికి ఇంజను ఉండదు. నాలుగు మూలలా టన్నుల బరువున్న లంగర్లు వేసి, వాటి తాళ్లు లాక్కుంటూ ముందుకి జరుగుతుంది.

ఒక శుక్రవారం భోజనమయ్యాక గంగారాం ఫోన్ చేశాడు. ముందు నా ఆరోగ్యం, మా ఆవిడ ఆరోగ్యం అడిగాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

“సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఆ దినం మాగ్‌ని పైకి గుంజినం గదా. ఆ మూడు లైన్లల్ల మల్ల ఎప్పుడు దింపిన్రు?”

ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాను.

“నిన్న ఆడ్నే ఓ లంగరు ఏస్తే గాలికి జారింది. అన్ని ఎత్తేసి దూరం వచ్చినం. రేపు పొద్దుగాల మల్ల ఆడ్నే ఏస్తం. గందుకే అడిగిన.”

చూసి చెప్తానన్నాను. బార్జి మీద నలభై మందికి పైగా ఉంటారు.

సెలవు రోజు కాబట్టి ఆఫీసు మూసి ఉంది. తాళం నా దగ్గర ఒకటుంది. వెళ్లి లాగ్ తీశాను. నా చేతిరాత అక్కడే ఉంది. సోనార్ రికార్డు తెరిచి ఆ మూడు లైన్లూ మొదటి నుంచి చూశాను. పందొమ్మిదో లైనులో నలభై ఒకటో వస్తువు అని గుర్తు పెట్టినది ఒకటుంది. గుండ్రంగా ఉంది. పక్కన గర్గూర్ అని రాశాను. నీడ నల్లగా ఉంది. రెండు వారాల కిందట అది గర్గూరే. ఇప్పుడు ఎలా చూసినా మైన్‌లాగే ఉంది. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను, లేచి మంచినీళ్లు తాగొచ్చి చూశాను. చూసినకొద్దీ ఆ నీడ ఇంకా నల్లబడుతున్నట్టే తోచింది.

అక్కణ్ణుంచి తిన్నగా అల్ ముంతజాలో ఖాజా ఇంటికి వెళ్లాను. ఎనిమిదేళ్లు ప్రయత్నించాక అతని భార్యాపిల్లలకి వీసా వచ్చి అప్పటికి ఆరు నెలలే అయింది. ఆవిడ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లేదాకా ఆగి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఖాజా చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

“మీ సంతకం పక్కన నాదున్నది రావ్ సాబ్. మీరు తప్పయిందన్నరంటే నేను గూడ అన్నట్టే. అది మైనేనా, పక్కానా?”

“తెలీదు.”

“తెలీదంటే వాళ్లకేం చెప్పాలె?”

“తెలీదనే చెప్పాలి.”

అతను ఫోన్ తీసి క్లయింటు తరఫు ఇంజనీరు హాజెమ్‌కి కాల్ కలిపాడు. హాజెమ్ ఈజిప్టు మనిషి, నిదానస్థుడు. అంతా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట, ఈ సంగతి మీకు ఇవాళే ఎలా తెలిసింది అని. బార్జి లంగర్లు వెయ్యకూడదని ఆ సాయంత్రమే ఆర్డరు వెళ్లింది. టగ్ బోటు దాన్ని మైలు దూరంలో పట్టుకుని ఉంది.

కెమెరా ఉన్న చిన్న రోబోని తెప్పించి నలభై ఒకటి దగ్గరికి దింపేసరికి ఆదివారం అయింది. మధ్యలో శనివారం గడవడం కష్టమైంది. నా కంచంలో అన్నం అలాగే ఉండిపోవడం చూసినా, మా ఆవిడ సరళ ఏమైందని అడగలేదు. నౌకాదళం మనిషితో కాపురం చేసి అడక్కూడని రోజులు ఆమెకి తెలుసు. ఫోన్ మోగితే భయం. మోగకపోతే, నన్ను పక్కనపెట్టి బార్జిని పనిలోకి దింపేశారేమోనని భయం.

ఆదివారం పడవ మీద చిన్న తెర చుట్టూ నిలబడ్డాం. ఆకుపచ్చ నీళ్లు. ఇసుక. తర్వాత గుండ్రంగా ఏదో దగ్గరికొచ్చింది. మొదట నత్తగుల్లలు కనిపించాయి. వాటి మధ్య తీగలు. తీగల లోపల రెండు హమ్మూర్ చేపలు నిదానంగా తిరుగుతున్నాయి.

గర్గూర్.

హాజెమ్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, నిజంగానే ఊరట పడ్డాడు. బార్జి సోమవారం మధ్యాహ్నం లంగర్లు వేస్తుందని, మంగళవారం మళ్లీ శమాల్ ఉంది కాబట్టి ఆలోపు పని మొదలవ్వాలని చెప్పాడు. యల్లా, ఇక పదండి అని తెర ఆపించేశాడు. నాకూ ఊరటే. అది దాచను. తిరుగు దారిలో డెక్ మీద కూర్చుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసి, ఎవరో ఇచ్చిన ఖుబూస్ రొట్టె తిన్నాను.

తింటుండగానే మనసుకి తట్టింది. మేం చూసింది నలభై ఒకటిని. ఆ మూడు లైన్లలో మాగ్ ఇంకా దిగలేదు.

ఈ మాట ఖాజాకి చెప్పడం మొదటి మాట చెప్పడం కంటే చాలా కష్టమైంది. మొదటిసారి నా తప్పుని ఒప్పుకున్నాను. ఇప్పుడు, అందరి ముందూ ఒకసారి పొరబడ్డాక, మళ్లీ పని ఆపమని అడుగుతున్నాను. ఈసారి చూపించడానికి నల్లటి నీడ కూడా లేదు. సోనార్ బొమ్మలో ఆ మూడు లైన్లలో గర్గూర్లు పోగా మిగిలింది చదునైన ఇసుక.

“ఒకసారి నవ్విన్రు,” అన్నాడు ఖాజా. “ఇంకోసారి నవ్వరు. మనల్ని పంపించేస్తరు. మీకు పిల్లలు పెద్దోళ్లయిన్రు. నా సంగతి సూడుండ్రి.”

అతనన్నది నిజమే. శమాల్ తర్వాత ఇసుక జరిగి అడుగున ఉన్నవాటిని ఎలా కప్పేస్తుందో అతనికీ తెలుసు, రూలు అతనికీ తెలుసు. కాబట్టి వాదించలేదు. మీరు సంతకం వెనక్కి తీసుకోనక్కర్లేదు, నాదొక్కటే తీసుకుంటానని చెప్పాను. సోమవారం పొద్దున ఆఫీసు తెరవగానే రెండు వాక్యాల ఉత్తరం రాసిచ్చాను. ఆ మూడు లైన్లలో మాగ్ కొలతలు తీయలేదు. కాబట్టి ఈ దారి సురక్షితమన్న నా ధ్రువీకరణని ఉపసంహరించుకుంటున్నాను. ఆపరేటర్ సంతకం లేని ధ్రువీకరణ చెల్లదు. చెల్లనంతవరకు లంగరు వెయ్యకూడదు. పద్ధతి ప్రకారం నా చేతిలో ఉన్నది అదొక్కటే.

హాజెమ్ ఫోన్‌లో గొంతు పెంచలేదు. ఇది మీ కంపెనీతో మా ఆఖరి పని కావచ్చన్నాడు. చీకటి పడేలోపు ఆ మూడు లైన్లూ నడిపి కొలతలు పట్టుకురమ్మన్నాడు. జెట్టీకి వెళ్లేసరికి ఖాజా అప్పటికే పడవలో ఉన్నాడు. నా వైపు చూడకుండా మాగ్ కేబుల్ కీళ్లు సరిచూస్తున్నాడు.

మధ్యాహ్నానికి అలలు లేస్తున్నాయి. పదిహేడో లైనులో మాగ్ గీత బిగించిన తాడులా తిన్నగా నడిచింది. ఏమీ లేదు. పడవ తిప్పి పద్దెనిమిది మొదలుపెట్టాం. సగం దాటాక గీత ఒక్కసారిగా పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ మామూలైంది. గర్గూర్ తీగలకి అంత ఊపు రాదు. పడవ కుదుపు కావచ్చనుకుని ఎదురు దిక్కు నుంచి అదే లైను మళ్లీ నడిపాం. అదే చోట, అదే ఎత్తున లేచింది.

ఖాజా నా వెనక నిలబడి ఉన్నాడు. “సోనార్ల ఏమున్నది?” అన్నాడు.

“ఇసుక,” అన్నాను.

ఇసుకతో పాటు ఇంకొకటుంది. పాత రికార్డులో లేని పొడుగాటి చాలు. గాలికి జారిన లంగరు అడుగున గీసుకుంటూ పోయిన జాడ. ఆ చాలుకీ మాగ్ చూపించిన చోటుకీ మధ్య తెర మీద కొలిచాను. పదకొండు మీటర్లు. మళ్లీ కొలిచాను. ఖాజా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత పందొమ్మిదో లైను కూడా నడిపి ముగించాం.

మా పని అక్కడితో ఆగుతుంది. ఉందని చెప్పడం వరకే మాది. తీసే అధికారం ఆ దేశపు నౌకాదళానిది. శమాల్ తగ్గాక వాళ్ల డైవర్లు వచ్చి, నీటిధారతో ఇసుక తోసి, మీటరు లోతున దాన్ని కనుక్కున్నారు. పాత యుద్ధం నాటి మైన్. పైన, ఓడ తాకితే పేల్చే కొమ్ములు ఊడిపోయాయి, ఒక పక్క తుప్పుకి తూట్లు పడ్డాయి, లోపల పేలుడు మందు సగానికి పైగా చెక్కుచెదరకుండా ఉంది. లంగరు తగిలితే పేలేదా అని హాజెమ్ అడిగితే, డైవర్ల అధికారి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

దాన్ని అక్కడే పేల్చిన రోజు మా పడవని రెండు మైళ్ల దూరంలో ఆపారు. ముందు అరికాళ్ల కింద సమ్మెటతో కొట్టినట్టు పడవ అదిరింది. తర్వాత నీళ్లు తెల్లగా లేచాయి. చప్పుడు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో ఎదురైన ఒకే ఒక్క అసలు మైన్ అది. దాన్ని కూడా నేను కళ్లతో చూడలేదు.

విచారణ జరిగింది. అడిగినవాటికి జవాబు చెప్పాను. హెచ్చరిక లేఖ ఇచ్చారు. దాంట్లో రాసిన ప్రతి వాక్యం సరైనదే. ఖాజా ఉద్యోగం నిలిచింది. నా కాంట్రాక్టు అయిపోయాక మళ్లీ రాయలేదు, విశాఖపట్నం వచ్చేశాను. మైన్ దొరికింది కదా, మీకు అన్యాయం చేశారని కొందరు మిత్రులంటారు. నేనలా అనుకోను. మైన్ దొరకడం వల్ల నా మొదటి సంతకం ఒప్పయిపోదు.

వచ్చేముందు అల్ రయ్యాన్‌లోని కార్మికుల క్యాంప్‌కి వెళ్లి గంగారాంని కలిశాను. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదట. వాళ్లమ్మకి గల్ఫ్ అంతా దుబాయే. దుబాయ్‌ల బాంబు దొరికిందంటే ఆమె ఇక ఒక్క దినం కూడా ఉండనివ్వదన్నాడు. నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో అన్నాను.

“నేను రెండు దినాల ముందే అడుగుదామనుకున్న సారూ,” అన్నాడు. “పెద్ద సారు సంతకం పెట్టినంక మనమేందిరా అడిగేది అని ఊకున్న. లంగరు జారినంక భయమయ్యి అడిగిన.”

పని నేర్చుకునేవాళ్లు ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్తుంటాను. నా భయం నలభై ఒకటి వైపు చూపించింది, అది చేపల బోను. లాగ్ పుస్తకంలో ఒక వాక్యం పద్దెనిమిది వైపు చూపించింది, అక్కడ మైన్ ఉంది. చూశాం, ఏమీ లేదు అనడం వేరు. చూడలేదు అనడం వేరు. పన్నెండేళ్లు ఓడల మీద నాకు నేర్పింది ఈ ఒక్క తేడానే, నేను ఒకసారి ఆ రెంటినీ కలిపి సంతకం పెట్టాను. మాగ్ దిగలేదని తెలిసినవాడు డెక్ మీద ఉన్నాడు. నన్ను అడగడానికి అతనికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లోనే లంగరు జారింది.